గుట్ట దిగాలంటే సైకిల్ దిగడం తెలియాలి: ఓరుగల్లు చుట్టుపక్కల రాళ్ళబాటల మీద మిత్రులతో ఒక రోజు

గుట్ట మీంచి కిందికి రావడాన్నీ, సైకిల్ సీటు మీంచి నేలకు కాలు ఆనించడాన్నీ మనం ‘దిగడం’ అనే ఒకే మాటతో చెబుతాము. కొండబాటల మీద సైకిల్ తొక్కడం మొదలుపెట్టిన తొలి రెండేళ్ళు నేను మొదటి దిగడాన్నే నేర్చుకున్నాను. రెండవది రాకపోవడం వల్ల మోచేతి చర్మాన్నీ, ఒక ముందు చక్రాన్నీ, ఒక మిత్రుడి ఆదివారాన్నీ పాడుచేశాను. హన్మకొండ, వరంగల్, కాజీపేట ప్రాంతాల్లో ఉంటూ, తారు రోడ్డు మీద 30, 40 కిలోమీటర్లు పెద్దగా అలసిపోకుండా తొక్కగలిగి, నలుగురైదుగురు మిత్రులతో రాళ్ళూ వాలులూ ఉన్న బాట మీద ఒక పూర్తి రోజు గడపాలనుకునే వారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. సైకిల్ ఎలా కొనాలన్నది ఇందులో లేదు. ముందు షాకులు, డిస్క్ బ్రేకులు, కనీసం 2.2 అంగుళాల వెడల్పున్న టైర్లు గల సైకిల్ మీ దగ్గర ఇప్పటికే ఉందనుకుని మొదలుపెడతాను.

మొదటి పని: బాటను ఎంచుకోవడం

ఓరుగల్లు, ఏకశిల అన్న పేర్లు రెండూ ఒంటిరాయిని చెప్పేవే. ఊరి పేరులోనే రాయి ఉన్న చోట రాళ్ళబాటల కోసం దూరం వెళ్ళనవసరం లేదు. అయితే కనిపించిన ప్రతి గుట్టా సైకిల్‌కు తగినది కాదు. పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట వంటివి భక్తులు ఎక్కి దిగే క్షేత్రాలు కాబట్టి వాటిని మొదటే పక్కన పెట్టాలి. ధర్మసాగర్ దాటి దేవునూరు వైపు వెళితే కనిపించే ఇనుపరాతి గుట్టలు, రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు, నర్సంపేట దాటాక పాఖాల చెరువు పరిసరాలు ఈ ప్రాంతపు సైకిల్ మిత్రుల నోట ఎక్కువగా వినిపించే పేర్లు. వీటిలో ఏ రెండింటి నేలా, ఏ రెండింటి నియమాలూ ఒకటి కావు.

నియమాల సంగతి ముందు తేల్చుకోవాలి. పాఖాల, ఏటూరునాగారం అడవులు వన్యప్రాణి అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం నేరం. రిజర్వు అడవిలోని బాటలకు కూడా అటవీశాఖ రేంజ్ కార్యాలయంలో ముందుగా అడిగి, వీలైతే కాగితం మీద అనుమతి తీసుకోవడం మంచిది. ఎవరూ అడగరులే అన్న ధైర్యంతో వెళ్ళిన వారి వల్లే తరువాత వెళ్ళేవారికి గేటు మూసుకుంటుంది. పాండవుల గుట్టల్లో రాతియుగం నాటి రంగుల చిత్రాలున్న బండలు ఉన్నాయి. ఆ బండల మీదికి, గుహల నీడలోకి సైకిల్‌ను తీసుకుపోకూడదు. చేతి చెమట, టైరు దుమ్ము కూడా ఆ రంగులకు హాని చేస్తాయి.

మొదటిసారి వెళ్ళేవారికి నా సలహా ఏమిటంటే, చెరువు కట్టల మీది బాటలూ, చెలకల మధ్య బండ్ల బాటలూ, వాటిని ఆనుకుని ఉన్న చిన్న గుట్టలూ కలిపి 20 నుంచి 25 కిలోమీటర్ల చుట్టు వచ్చేలా చూసుకోవాలి. తారు రోడ్డు లెక్కలో ఇది గంటన్నర పని. రాళ్ళబాట మీద ఆగడాలూ నడకలూ కలుపుకుంటే గంటకు 6 నుంచి 8 కిలోమీటర్లు దాటవు కనుక అదే దూరానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. మన గుట్టలకు ఎత్తు తక్కువ, వాలు నిటారు. ఒక్క పెద్ద ఎక్కుడుకు బదులు రోజంతా పది చిన్న ఎక్కుళ్ళు తగులుతాయి, కాళ్ళను తినేసేవి అవే.

కాలం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి నడుమ తప్ప పూర్తి రోజు కార్యక్రమం పెట్టుకోకూడదు. వానాకాలంలో నల్లరేగడి చక్రానికీ ఫోర్కుకూ మధ్య పేరుకుని సైకిల్‌ను కదలనివ్వదు. తడి మొరం మీద పడిన చక్రాల గాడి మరుసటి వానకు చిన్న ఒర్రెగా మారి బాటనే కోసేస్తుంది. పెద్ద వాన పడ్డాక కనీసం రెండు మూడు రోజులు ఆగాలి. మార్చి దాటితే ఆకురాలిన అడవిలో నీడ ఉండదు, కార్చిచ్చు భయం ఉంటుంది, పదకొండు గంటలకే బండలు కాలుతుంటాయి.

వారం ముందు: బాటను కాళ్ళతో చదవడం

దీన్ని వదిలేసేవారే ఎక్కువ. బృందంలో ఇద్దరు వారం ముందు వెళ్ళి, బాటలో కష్టమైన భాగాన్నైనా నడిచి చూసి రావాలి. ఉపగ్రహ చిత్రంలో తెల్లటి గీతలా కనిపించేది మేకల బాట కావచ్చు, ఎండిన ఒర్రె కావచ్చు, నిరుడు కంచె వేసి మూసేసిన దారి కావచ్చు. నడుస్తూ ఫోన్‌లో దారిని నమోదు చేసుకుని, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా పటాన్ని దించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, బాట మధ్యలో ఎక్కడెక్కడ నుంచి అరగంటలోపు ఆటోనో ట్రాక్టరో దొరికే రోడ్డు మీదికి బయటపడవచ్చో గుర్తించాలి. నాలుగు గంటల చుట్టులో అటువంటి చోట్లు కనీసం రెండు లేకపోతే ఆ చుట్టును మార్చుకోవాలి.

విదేశాల్లో బాటల కష్టాన్ని ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల వజ్రం గుర్తులతో బోర్డులు పెట్టి చెబుతారు. మన గుట్టల మీద బోర్డులు లేవు కాబట్టి మేము మూడు మాటల కొలత పెట్టుకున్నాము: తొక్కేది, చూసి తొక్కేది, నడిచేది. నడిచి చూసినప్పుడే ప్రతి కష్టమైన చోటునూ ఈ మూడింటిలో ఒకదాని కింద రాసుకుంటాము. సాయంత్రం అలసటలో ‘నడిచేది’ అన్న చోటు ‘చూసి తొక్కేది’లా కనిపించడం మామూలే. అందుకే ఆ రోజు కొలతను కిందికి మార్చకూడదని మాకు మేమే కట్టుబాటు పెట్టుకున్నాము.

దారిలో గొర్రెల కాపరి కనిపిస్తే ఆగి మాట్లాడాలి. ఏ బండ మీద తేనెతుట్టె ఉంది, ఏ ఒర్రెలో నీరుంది, గుడ్డెలుగు ఎటు తిరుగుతోంది అన్నవి ఏ పటంలోనూ దొరకవు. ఒకసారి “ఈ బాట అవతలికి పోతదా తాతా?” అని అడిగితే, ఆయన మా సైకిళ్ళ వంక చూసి “మనిషి పోతడు, అది పోదు బిడ్డా” అన్నాడు. మేము నవ్వి ముందుకు వెళ్ళాము. ఆ తరువాత రెండు గంటల పాటు సైకిళ్ళు మా మీద సవారీ చేశాయి.

బృందం, దాని కట్టుబాట్లు

నలుగురి నుంచి ఆరుగురి వరకు సరిపోతుంది. ముగ్గురికి తక్కువైతే ఒకరికి దెబ్బ తగిలినప్పుడు ఒకరు తోడుండి మరొకరు సాయానికి వెళ్ళే వీలుండదు. ఆరుగురు మించితే రోజంతా ఎదురుచూపులే. బాట తెలిసిన వారు ముందు, పనిముట్లున్న అనుభవజ్ఞులు చిట్టచివర ఉండాలి. వెనుక ఉండే మనిషిని దాటి ఎవరూ మిగిలిపోకూడదు. బాట చీలిన ప్రతి చోటా ముందువారు ఆగి, తమ వెనుకవారు తమను చూశాకే కదలాలి. ఇలా ఒకరినొకరు చూసుకుంటూ పోతే దారి తప్పేవారు ఉండరు. వాలు మీద ఇద్దరి మధ్య 20, 30 మీటర్ల ఎడం తప్పనిసరి.

వేగం ఎప్పుడూ నెమ్మదిగా వచ్చేవారిదే. ముందు చేరినవారు పది నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగి, ఆఖరి మనిషి రాగానే లేచి బయలుదేరడం చాలా బృందాల్లో చూస్తాము. విశ్రాంతి ఎక్కువ అవసరమైన మనిషికే విశ్రాంతి లేకుండా పోతుంది. ఆఖరివారు చేరాక అయిదు నిమిషాలు లెక్కపెట్టి బయలుదేరాలి.

ఇంకొక కట్టుబాటు: ఎవరు ఎక్కడ సైకిల్ దిగినా మిగిలినవారు ఏమీ అనకూడదు. ‘ఏం కాదురా, తొక్కు’ అన్న మాట మా బృందంలో నిషిద్ధం. ఫోన్ చేతిలో పట్టుకుని వీడియో తీయడం కూడా నిషిద్ధమే, ఎందుకంటే కెమెరా ముందు మనిషి తన శక్తిని ఒక మెట్టు ఎక్కువగా ఊహించుకుంటాడు.

చివరగా, ఇంటి దగ్గర ఒక మనిషికి బాట పేరు, బయటపడే చోట్లు, తిరిగి వచ్చే సమయం చెప్పాలి. ‘ఆరు గంటలకల్లా ఫోన్ రాకపోతే మీరు చేయండి, అది కూడా కలవకపోతే ఫలానా ఊరివారికి చెప్పండి’ అని స్పష్టంగా అనాలి. లోయల్లో సిగ్నల్ ఉండదు కనుక ఈ ఏర్పాటు మీదే ఆధారపడాల్సి వస్తుంది.

సైకిల్‌ను సిద్ధం చేయడం

ముందు రోజు రాత్రి కాకుండా మూడు రోజుల ముందు చేయాలి. అప్పుడైతే పాడైన భాగం దొరికించుకునేందుకు వ్యవధి ఉంటుంది.

ఈ ప్రాంతంలో సైకిల్‌కు మొదటి శత్రువు ముల్లు. సర్కారు తుమ్మ, నల్లతుమ్మ, రేగు, వీటన్నిటికీ మించి చెలకల గట్ల మీద పరుచుకునే పల్లేరు కాయలు ట్యూబును జల్లెడ చేస్తాయి. ట్యూబు లేని టైర్లలో ద్రవం పోసి వాడే పద్ధతి మన దగ్గర విలాసం కాదు, అవసరం. ద్రవం చిన్న రంధ్రాలను దానంతట అదే పూడుస్తుంది. అయితే మన ఎండలకు అది తొందరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి చూసి నింపుకోవాలి. 29 అంగుళాల టైరుకు సుమారు 100 మిల్లీలీటర్లు పడుతుంది. ట్యూబుతోనే నడిపేవారు ఒక్కొక్కరు రెండు ట్యూబులు, బృందానికి రెండు పంచర్ పెట్టెలు తీసుకెళ్ళాలి. పంచర్ అయినప్పుడు కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు వేళ్ళతో నెమ్మదిగా తడిమి ముల్లు మొనను తీయాలి. ఇది మరచిపోతే కొత్త ట్యూబు పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ తప్పు మేమందరం తలా ఒకసారి చేశాము.

గాలి ఎంత ఉండాలన్నది మనిషి బరువును బట్టి మారుతుంది. 65, 70 కిలోల మనిషికి, 2.25 అంగుళాల టైరులో ట్యూబు ఉంటే ముందు 25, వెనుక 28 పీఎస్‌ఐ (గాలి పంపు మీద కనిపించే ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టవచ్చు. ట్యూబు లేని టైరైతే మూడు నాలుగు తగ్గించవచ్చు. రోడ్డు సైకిల్ అలవాటుతో రాయిలా బిగించి గాలి కొడితే టైరు బండను పట్టుకోక ఎగిరెగిరి పడుతుంది. మరీ తగ్గిస్తే రాయి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఆ జంట చిల్లులు కనిపించాయంటే గాలి తక్కువైందని అర్థం, ముల్లు కోసం వెతకనవసరం లేదు.

బ్రేకుల విషయంలో, ప్యాడ్ల అస్తరు మందం ఒక మిల్లీమీటరుకు తగ్గితే మార్చాలి. డిస్కు మీద నూనె పడకుండా చూసుకోవాలి. చైనుకు నూనె వేసేటప్పుడు వెనుక డిస్కును గుడ్డతో కప్పడం మంచి అలవాటు. అరువు తెచ్చుకున్న సైకిల్ అయితే ఏ చేతి మీట ముందు బ్రేకుదో చదునైన నేల మీద చూసుకోవాలి, ఎందుకంటే ఇది సైకిల్‌ను బట్టి మారుతుంది. ఈ క్రీడకు పుట్టిల్లయిన కాలిఫోర్నియాలో 1976లో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గరి కొండ వాలు మీద మొదలైన పందేనికి ‘రీప్యాక్’ అన్న పేరు బ్రేకుల వల్లే వచ్చింది. అప్పటి సైకిళ్ళలో వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్క దిగుడుకే వేడెక్కి లోపలి గ్రీజంతా పొగైపోయేదట, ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేదట. మన డిస్కులు అంత బలహీనం కాకపోయినా, వాలు పొడవునా మీటను ఆపకుండా నొక్కి ఉంచితే అవీ వేడెక్కి పట్టు తప్పుతాయి.

ముందు షాకులో మీరు ఎక్కి నిలబడినప్పుడు మొత్తం కదలికలో నాలుగైదు వంతుల్లో ఒక వంతు దిగాలి. 100 మిల్లీమీటర్ల షాకుకు అది 20 నుంచి 25 మిల్లీమీటర్లు. చక్రాల ఇరుసులు, హ్యాండిల్ బోల్టులు, పెడళ్ళు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, చక్రాల పుల్లలను (స్పోకులను) వేలితో మీటుతూ వదులైనదాన్ని వెతకాలి. చివరిగా సైకిల్‌ను జానెడు ఎత్తి నేల మీద వదిలితే, వదులైన భాగం ఏదైనా ఉంటే అదే చప్పుడు చేసి చెబుతుంది.

మోసుకెళ్ళేవి

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, బృందానికి నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు, బోల్టులు బిగించే అలెన్ కీల కట్ట, చైను తెంచే పనిముట్టు, తెగిన చైనును కలిపేందుకు దానికి సరిపోయే క్విక్ లింకు, గాలి పంపు, ఒక అదనపు బ్రేక్ ప్యాడ్ల జత, బలమైన టేపు, ప్లాస్టిక్ పట్టీలు, గాజుగుడ్డ, వెడల్పు బ్యాండేజీ, ఒక పెద్ద కండువా, నిండుగా చార్జింగ్ ఉన్న ఫోన్ ఉండాలి. హెల్మెట్ గురించి వాదన లేదు; నుదుటి మీద కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తులో కూర్చోవాలి, ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని పైకి బాగున్నట్టు కనిపించినా మార్చాలి. నిండు వేళ్ళ తొడుగులు, మోకాలి కాపులు ఉంటే రాళ్ళ మీద పడ్డ రోజు వాటి విలువ తెలుస్తుంది.

తిండికి మన సద్దిని మించింది లేదు. పులిహోర లేదా పెరుగన్నం మధ్యాహ్నానికి, పల్లి పట్టీ, అరటిపండ్లు, బెల్లం ముక్క మధ్య మధ్యలో తినడానికి సరిపోతాయి. సకినాలు రుచిగానే ఉంటాయి కానీ సంచిలో పిండి అవుతాయి.

ఉదయం

డిసెంబరు, జనవరి నెలల్లో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు వస్తాడు, సాయంత్రం ఆరు ప్రాంతంలోనే పోతాడు. బాట మొదట్లో ఏడు గంటలకు ఉండేలా, రెండు గంటలకల్లా కష్టమైన భాగం ముగిసేలా చూసుకోవాలి. తెల్లవారకముందే చెలకల అంచులకు వెళ్ళకూడదని గట్టిగా చెబుతాను. అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా పెట్టే విద్యుత్ తీగలు చీకట్లో కనపడవు. పొద్దు గుంకాక గుట్ట అంచున తొక్కకూడదనడానికీ ఇదే కారణం.

ఊళ్ళ గుండా వెళ్ళేటప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే సైకిల్ దిగి పక్కగా నడిపించుకుని పోవాలి. అయిదారు టైర్లు తొక్కిన వడ్ల ధర రైతుకే తెలుస్తుంది. గొర్రెల మంద ఎదురైతే ఒక పక్కకు ఆగి, మొత్తం దాటే వరకు కదలకుండా ఉండాలి. బెల్లు కొడితే మంద చీలి గుట్ట మీదికి పరుగెడుతుంది.

ఎక్కడం

ఎక్కుడు మొదలయ్యాక గేరు మార్చడం చైను తెగడానికి దగ్గరి దారి. చదునులో ఉండగానే తేలిక గేరులోకి రావాలి. సీటు ముందు కొస మీదికి జరిగి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచి, మోచేతులను పక్కటెముకల దగ్గరికి దించితే ముందు చక్రం లేవదు, వెనుక చక్రం జారదు. వదులు మొరం మీద సీటు నుంచి లేచి తొక్కితే వెనుక చక్రం ఉత్తినే తిరుగుతుంది కాబట్టి కూర్చునే, గుండ్రంగా, ఒకే ఒత్తిడితో తొక్కాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాక అయిదారు మీటర్ల అవతల ఉండాలి. ఊపిరి మాట్లాడలేనంతగా ఆడుతుంటే దిగి నెట్టాలి. నిటారు ఎక్కుడులో నెట్టడానికీ తొక్కడానికీ వేగంలో పెద్ద తేడా ఉండదు, కాళ్ళలో మిగిలే బలంలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

దిగడం

పడేవారిలో ఎక్కువమంది ఇక్కడే పడతారు కాబట్టి ఈ భాగం మీద ఎక్కువసేపు నిలుస్తాను.

దిగే ముందు సీటును నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దించాలి. పై కొలత దగ్గర టేపు ముక్క అంటించి ఉంచుకుంటే మళ్ళీ ఎక్కేటప్పుడు వెతుక్కోనవసరం లేదు. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా ఉంచి, మడమలు కొద్దిగా కిందికి దించి, మోకాళ్ళూ మోచేతులూ బయటికి వంచి, సీటు నుంచి లేచి నిలబడాలి. బరువు చేతుల మీద ఉండకూడదు, కాళ్ళ మీద ఉండాలి. కొత్తవారికి వెనక్కి, ఇంకా వెనక్కి జరగాలని చెప్పడం అలవాటు, కానీ మరీ వెనక్కి వేలాడితే ముందు టైరు మీద బరువు తగ్గి అది తిరగదు, బ్రేకూ పట్టదు. నడుము దగ్గర వంగి, గడ్డం హ్యాండిల్‌కు పైన ఉండేలా నిలిచి, వాలు పెరిగే కొద్దీ తుంటిని మాత్రమే వెనక్కి పంపాలి.

బ్రేకు మీటల మీద ఒక్కో చేతికి ఒక్క వేలు చాలు. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దానికి భయపడి వెనుక బ్రేకు ఒక్కటే నొక్కితే వెనుక చక్రం బిగుసుకుని మొరాన్ని దున్నుతూ పక్కకు జారుతుంది. ముందు బ్రేకును లాగేయకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కాలి. వేగం తగ్గించేదేదైనా రాయికీ మలుపుకూ ముందే తగ్గించి, రాయి మీదా మలుపులోనూ బ్రేకు వదిలేయాలి. దొర్లుతున్న చక్రం రాయిని ఎక్కగలదు, బిగిసిన చక్రం రాయికి తన్నుకుంటుంది.

ఇక నేల సంగతి. మన నల్లరాతి బండ ఎండినప్పుడు టైరును ఆశ్చర్యపోయేంత గట్టిగా పట్టుకుంటుంది. తారు రోడ్డు మీద సాధ్యం కాని వాలును కూడా నెమ్మదిగా దిగనిస్తుంది. దాని మోసాలు మూడు. ఒకటి, బండ మీద పరుచుకున్న ఇసుక గుళికలు, ఇవి గోలీల్లా పనిచేస్తాయి. రెండు, నీరు ఊరిన నల్లటి చారలు, పాచి ఆరినట్టు కనిపించినా ఉదయపు మంచుకు మళ్ళీ జారుడవుతుంది. మూడు, ఎండకూ వానకూ పొలుసుల్లా లేచిన పెచ్చులు. వీటిని కాలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది, బరువు పడితే పలక మొత్తం కదులుతుంది. ఈ మూడూ సీటు మీంచి కనపడవు, దిగి నిలబడితేనే కనపడతాయి. పాండవుల గుట్టల వైపు ఇసుకరాయి వేరు స్వభావం గలది. అది అరిగి రాలిన ఇసుక వాలు అడుగున చేరి ఉంటుంది కాబట్టి, పై నుంచి వేగంగా వచ్చిన ముందు చక్రం అక్కడ హఠాత్తుగా కూరుకుంటుంది. ఇసుక రాబోతోందని తెలిసినప్పుడు ముందే వేగం తగ్గించి, లోపలికి ప్రవేశించాక బ్రేకు ముట్టకుండా, బరువు కొంచెం వెనక్కి వేసి, హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోకుండా తొక్కుతూ దాటాలి.

మలుపులో సైకిల్‌ను లోపలికి వంచి, మనిషి మాత్రం నిటారుగా ఉండాలి. బయటి వైపు పెడల్ కిందికి దించి దాని మీద బరువు వేయాలి, చూపు మలుపు చివరికి పంపాలి. చెట్టును చూస్తే చెట్టుకే తగులుతాము. ఇది వినడానికి వేళాకోళంలా ఉన్నా, వంటి మీద మచ్చలతో నేర్చుకున్నవారు చాలామంది ఉన్నారు.

అడుగున్నర ఎత్తున్న బండ మెట్టు వస్తే ముందు దిగాలి. పై నుంచి చూడాలి, కిందికి నడిచి వెళ్ళి వెనక్కి తిరిగి చూడాలి, కింద చక్రం పడే చోటు ఎలా ఉందో కాలితో తొక్కి చూడాలి, పడితే శరీరం ఎటు పోతుందో ఊహించాలి. ఆ తరువాత ఒకరు కింద పక్కగా నిలబడగా, మొదట బాట తెలిసిన వారు, తరువాత మిగిలినవారు ఒక్కొక్కరుగా ప్రయత్నించాలి. వరుసగా రెండుసార్లు అంచు దాకా వచ్చి ఆగిపోయారంటే శరీరం వద్దంటోందని అర్థం. మూడోసారి వెళ్ళకుండా నడిపించుకుని దిగాలి. నడిపించేటప్పుడు సైకిల్‌ను మనిషికి వాలు కింది వైపూ ఉంచకూడదు, పై వైపూ ఉంచకూడదు; పై వైపు ఉంచితే జారినప్పుడు మీదికి వస్తుంది. మనిషి పక్కనే సమానంగా, వెనుక బ్రేకు మీద వేలుతో, అడుగడుగున ఆపుతూ దించడమే పద్ధతి.

ఒర్రె దాటేటప్పుడు నీరు కనిపిస్తే అడుగు కనిపించడం లేదని లెక్క. చెప్పులేనా తడిసేది అనుకోకుండా ముందు ఒకరు నడిచి చూడాలి.

మధ్యాహ్నం, ఎండ

దాహం వేశాక తాగితే ఆలస్యం. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు, గుక్కలుగా తాగుతూ ఉండాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలోనే కలపాలి. సగం నీటిలో కలిపి చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. తలనొప్పి, వికారం, కాళ్ళ పట్టివేత మొదలైతే నీడకు చేర్చి, చొక్కా తడిపి, విసిరి, గంటసేపు కదలనివ్వకూడదు. మాట తడబడినా, మనిషి అయోమయంలో ఉన్నా అది వడదెబ్బ. వెంటనే ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ 108కి ఫోన్ చేయాలి.

భోజనం తరువాత అరగంట నీడలో పడుకోవడం సోమరితనం కాదు. భోజనానికి కూర్చునే ముందు పైకి చూసి తేనెతుట్టె లేదని నిర్ధారించుకోవాలి, మంట పెట్టకూడదు, కోతులకు ఏమీ వేయకూడదు, ప్లాస్టిక్ అంతా తిరిగి సంచిలోకే రావాలి.

ఎవరైనా పడితే

ముందుగా ఒకరు పైకి 30, 40 మీటర్లు వెళ్ళి వెనుక వచ్చేవారిని ఆపాలి. పడ్డవారిని వెంటనే లేపడానికి తొందరపడకూడదు. మెడ నొప్పి, చేతులూ కాళ్ళూ మొద్దుబారడం ఉంటే కదల్చకుండా, హెల్మెట్ తీయకుండా సాయం కోసం ఫోన్ చేయాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు తీయకుండా నొక్కి పట్టాలి. భుజం ఎముక విరిగిందని అనుమానం వస్తే కండువాతో చేతిని ఛాతీకి ఆనించి కట్టి, దగ్గరలోని బయటపడే చోటుకు నడిపించాలి. తలకు దెబ్బ తగిలాక వాంతి, మత్తు, అడిగిందే అడగడం, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే ఆసుపత్రికే వెళ్ళాలి. అవేవీ లేకపోయినా ఆ మనిషి ఆ రోజు మళ్ళీ సైకిల్ ఎక్కకూడదు. పాము కాటు వేస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం చేయకూడదు. కాటు పడ్డ అవయవాన్ని కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు మందు ఉండే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వరంగల్‌లో అది ఎంజీఎం.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరగానే పడుకోవాలనిపిస్తుంది కానీ అరగంట పని మిగిలే ఉంటుంది. దుమ్ము ఆరకముందే చైనును తుడిచి నూనె వేయాలి, నీళ్ళను ఇరుసుల మీదికి ఒత్తిడిగా కొట్టకూడదు, ఫ్రేము అతుకుల దగ్గరా రిమ్ము చుట్టూ పగుళ్ళు చూడాలి, టైర్లలో దిగిన ముళ్ళు లెక్కపెట్టాలి. గీరుకున్న చోట్ల మట్టి కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్ళు దాటిందేమో గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ఏ చోట ఎవరు దిగారో, ఏ చోటు ‘చూసి తొక్కేది’ నుంచి ‘తొక్కేది’గా మారిందో పుస్తకంలో రాసుకుంటే వచ్చే నెలకు పనికివస్తుంది. ఇవన్నీ చేయకముందే, సైకిల్‌ను గోడకు ఆనించిన మరుక్షణం, పొద్దున సమయం చెప్పి వచ్చిన మనిషికి ఫోన్ చేయాలి. వారు అయిదున్నర నుంచే గడియారం వైపు చూస్తూ ఉంటారు.